కొత్త ఉప్పునీటి ట్యాంకుకి అంతర్వేది ఇసుక, సముద్రం నీళ్ళు పనికొస్తాయా?

లంకలో_కొబ్బరి
మూడడుగుల ట్యాంకు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఎనిమిదేళ్ళుగా గోల్డ్ ఫిష్‌లు, ఏంజెల్స్ పెంచుతున్నాను గానీ ఉప్పునీళ్ళ జోలికి వెళ్ళడం ఇదే మొదలు. మా అమ్మాయి ఆరో తరగతి, దానికి నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు కావాలి, దసరా సెలవులకి తెస్తానని మాటిచ్చేశాను. మొన్న ఆదివారం అంతర్వేది వెళ్ళి దర్శనం చేసుకుని, వచ్చేటప్పుడు అన్నాచెల్లెళ్ళ గట్టు పక్క నుంచి రెండు చిన్న బస్తాల ఇసుక, ఏడు టిన్నుల సముద్రం నీళ్ళు ఆటోలో వేసుకొచ్చాను.

ఇసుక ఇప్పటికి ఇరవైసార్లు కడిగాను, నీళ్ళు ఇంకా టీ రంగులోనే వస్తున్నాయి. బకెట్ తిప్పితే అడుగున నల్లగా, మెరుస్తూ ఒక పొర విడిగా నిలబడుతోంది. నీళ్ళ సంగతి ఇంకా టెన్షన్‌గా ఉంది. పక్కింటి బావగారికి రొయ్యల చెరువు ఉంది, ఆయన ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తెచ్చి చుక్క వేసి చూస్తే 19 చూపించింది, అంటే వెయ్యి పాళ్ళలో 19 పాళ్ళు ఉప్పు. సముద్రం అంటే 35 కదా అండీ? మీటరు పాడైందా, నేను తెచ్చింది సముద్రం నీళ్ళు కావా? కల్లుప్పు కలిపి 35 చేసేయొచ్చా? ఇసుక వాడొచ్చా పారేయాలా? కాస్త తెలిసినవాళ్ళు చెప్పండి.

భీమవరం_చెరువుగట్టు
మీటరు బానే ఉంటుంది. గోదారి ఎర్రనీళ్ళు దిగుతున్న రోజుల్లో అంతర్వేదిలో ముంచితే 19 రాక 35 ఎలా వస్తుంది? గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటే ముంచారు మీరు.

యానాం_సాయంత్రం
ధవళేశ్వరం గేట్లు ఎత్తాక పది రోజుల వరకూ మా ఊరి దగ్గర నీళ్ళు నోట్లో పోసుకున్నా ఉప్పు తెలీదు. పులసలు ఎదురెక్కే కాలం కదా ఇది, సముద్రమే తియ్యబడి చేపని పిలిచే కాలం. అలాంటప్పుడు మీరు చేపకి ఉప్పునీళ్ళు పట్టుకెళ్ళారు.

గాజుగది_కాకినాడ
ముందు ఒక మాట. కల్లుప్పు కలపకండి. వంటకి వాడే ఉప్పు, కల్లుప్పు, ఐస్ ఫ్యాక్టరీల దగ్గర దొరికే ఉప్పు అన్నీ దాదాపు ఒకటే, సోడియం క్లోరైడ్. సముద్రంలో దానితోపాటు లీటరుకి 1300 మిల్లీగ్రాముల దగ్గర మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం, 400 దాకా పొటాషియం ఉంటాయి. కల్లుప్పుతో 35 చేస్తే మీటరు 35 చూపిస్తుంది, అది సముద్రం మాత్రం కాదు. మీటరు ఉప్పు ఎంత ఉందో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. ఇవన్నీ కలిసిన సముద్రపు ఉప్పు మిశ్రమం షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది, కలిపితే అదే కలపాలి.

నేను పదకొండేళ్ళుగా పెడుతున్నాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ ట్యాంకులు నేను చూసినంతవరకూ చేపల వల్ల పోలేదు, మొదటి వారం ఇసుక, నీళ్ళ దగ్గర తొందరపడటం వల్లే పోయాయి. దసరా మర్చిపోండి, దీపావళి దాటాక చూద్దాం. అమ్మాయికి ఇప్పుడే చెప్పేయండి.

భీమవరం_చెరువుగట్టు
గాజుగది గారూ, మా చెరువుల్లో బోరునీళ్ళే వాడుతున్నాం, 8, 10 ఉప్పులో వెనామీ రొయ్య పెరుగుతోంది కదా. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. దాన్ని తెచ్చుకుని ఉప్పు పెంచుకుంటే సరిపోదా? అనవసరంగా డబ్బాల్లో ఉప్పు కొనడం ఎందుకు?

గాజుగది_కాకినాడ
మరి ఆ చెరువులో మీరు పొటాష్, మెగ్నీషియం బస్తాలకి బస్తాలు ఎందుకు చల్లుతున్నారు?

భీమవరం_చెరువుగట్టు
ఆయ్, నిజమే. పొటాష్ తగ్గితే రొయ్య గుల్ల విడిచాక గట్టిపడదు, తెల్లారేసరికి మేత చూసుకునే చెక్ ట్రేలో మెత్తటివి కనిపిస్తాయి. మా బోరులో కాల్షియం ఎక్కువ, పొటాషియం బొత్తిగా లేదు. ఆ మాట ట్యాంకుకి కూడా వర్తిస్తుందని తట్టలేదు, ఒప్పుకుంటున్నా.

రాజోలు_టీచరమ్మ
ఇసుక గురించి నేను చెప్తాను. మీరు బకెట్లో చూసిన ఆ నల్ల పొర మురికి కాదు, ఖనిజాలు. కొండల్లోంచి గోదారి మోసుకొచ్చిన బరువైన రేణువులు, ఇల్మెనైట్, మాగ్నెటైట్, గార్నెట్ లాంటివి. అలలు తేలిక ఇసుకని లాగేసి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి, అందుకే మన తీరంలో చాలాచోట్ల ఇసుక నల్లచారలుగా ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఎండిన ఇసుకలో తిప్పండి. నేను ఏటా ఏడో తరగతి పిల్లలతో చేయిస్తాను. కవరుకి నల్లటి మీసాలు మొలిచినట్టు నిలబడతాయి, కవర్ లోంచి అయస్కాంతం తీయగానే జలజలా రాలిపోతాయి. పిల్లలు గంట కొట్టినా లేవరు.

రెండో పరీక్ష నిమ్మకాయ. స్టీలు గరిటెలో చిటికెడు ఇసుక వేసి నిమ్మరసం పిండండి. గుల్ల ఇసుక అయితే చిన్న చిన్న బుడగలు వస్తాయి, చెవి దగ్గర పెడితే సన్నగా చిటపట వినిపిస్తుంది. మన గోదారి ఇసుక అయితే ఏమీ జరగదు, నిమ్మకాయ దండగ.

లంకలో_కొబ్బరి
అమ్మాయి, నేను ఇప్పుడే రెండూ చేశాం టీచరుగారూ. అయస్కాంతానికి నిజంగానే మీసాలు వచ్చాయి. నిమ్మరసానికి అక్కడక్కడా ఒకటి రెండు బుడగలు, అవి ఇసుకలో కలిసిన గుల్ల ముక్కల దగ్గరే వచ్చాయి. మిగతా ఇసుక కదల్లేదు, మెదల్లేదు. అంటే ఇది పనికిరాదనేనా?

నరసాపురం_లేసు
పేరుపాలెం ఇసుకతో నేను రెండేళ్ళు నడిపాను, చేపలు బానే ఉన్నాయి. నల్ల ఇసుక విషం ఏమీ కాదు. అందరూ భయపెడుతున్నారు.

గాజుగది_కాకినాడ
విషం అని ఎవరూ అనలేదండి. ఇబ్బంది వేరే చోట ఉంది. అద్దం మీద నాచు గీకే అయస్కాంతపు బ్రష్ వాడతారు కదా, దానికి ఈ నల్ల రేణువులు అంటుకుంటాయి. తెలీకుండా అద్దం మీద ఒక్కసారి లాగితే వెంట్రుకంత గీత. నా మొదటి ట్యాంకు ముందు అద్దం మీద అలాంటివి పదకొండు ఉండేవి, సాయంత్రం లైటు వేస్తే అన్నీ మెరిసేవి. పంపులో ఉన్న అయస్కాంతం చుట్టూ కూడా చేరి రోటరు అరిగిపోతుంది.

ఇంకోటి, మన తీరం ఇసుక చాలా సన్నం. నీళ్ళు తిరిగే చోట ఎగిరి చేప మొప్పల్లోకి, పంపులోకి వెళ్తుంది. పైగా నది మూతి దగ్గర ఇసుకలో ఒండ్రు ఉంటుంది, అందుకే టీ రంగు. మీరు ఇంకో యాభైసార్లు కడిగినా వస్తూనే ఉంటుంది.

నరసాపురం_లేసు
నా దాంట్లో పంపు రెండుసార్లు మార్చిన మాట నిజమే. దానికి కారణం ఇదని ఇప్పటిదాకా అనుకోలేదు. నేను జాలరి వలగుడ్డలో మూట కట్టి పంపు కింద పెట్టి కడిగాను, అందుకే నాకు టీ రంగు తొందరగా పోయిందేమో.

కొత్తనీరు
అయితే ఏ ఇసుక తీసుకోవాలి? షాపులో ఆర్గనైట్ అని కిలోకి బోలెడు చెబుతున్నారు.

గాజుగది_కాకినాడ
ఆరగోనైట్. గుల్లలు, పగడాలు ఏ పదార్థంతో కట్టుకుంటాయో అదే, కాల్షియం కార్బొనేట్. గింజ సైజు బొంబాయి రవ్వకి, బియ్యం నూకకి మధ్యలో ఉంటే మేలు. మరీ సన్నమైతే ఎగురుతుంది, మరీ పెద్దదైతే సందుల్లో మేత ఇరుక్కుని కుళ్ళుతుంది. లంకలో_కొబ్బరి గారి ట్యాంకుకి అంగుళం మందం చాలు, 16 కిలోల దగ్గర పడుతుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోకండి, మందంగా పోస్తే అడుగున గాలి ఆడదు.

గుల్ల ఇసుక పోస్తే పిహెచ్ దానంతటదే 8.2 దగ్గర నిలబడుతుందని చాలామంది చెప్తారు. నేనూ చాలాకాలం నమ్మాను. నిజానికి 8 పైన ఉన్న నీళ్ళలో ఆ ఇసుక దాదాపు కరగదు, ఉప్పు మిశ్రమంలో ఉన్న ఆల్కలినిటీయే నిలబెడుతుంది. తెల్లగా ఉంటుంది, అయస్కాంతానికి అంటదు, గింజ సరైన సైజులో దొరుకుతుంది, అందుకే దాన్ని వాడమంటాను.

తణుకు_తాత
బాబూ, నా మాట కూడా వినండి. కోళ్ళ మేతలో కలిపే గుల్ల ఉంది కదా, గుడ్డు పెంకు గట్టిపడాలని లేయర్లకి వేస్తారు. అనపర్తి నుంచి మా వైపు దాకా మేత కొట్లలో బస్తాలకి బస్తాలు ఉంటుంది. అది మొత్తం పిండి చేసిన సముద్రపు గుల్లే. నా మనవడు హైదరాబాదు నుంచి ఇసుక తెప్పిస్తానంటే నేనే ఒక బస్తా ఇచ్చి ఇది వాడరా అన్నాను. నిమ్మకాయ పిండితే పాలపొంగులా బుడగలు వచ్చాయి.

గాజుగది_కాకినాడ
తాతగారూ, మంచి మాట చెప్పారు, నేనూ వాడాను. కాకపోతే దాన్ని అలాగే పోస్తే రెండు ఇబ్బందులు. ముక్కలు బల్లపరుపుగా, అంచులు పదునుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పరుచుకుని కింద మేత దాక్కుంటుంది. దుమ్ము కూడా విపరీతం. రవ్వ జల్లెడతో సన్నదాన్ని కిందకి తీసేసి, బియ్యం జల్లెడతో పెద్ద ముక్కల్ని పైన ఆపేసి మధ్యలోది వాడాలి. బస్తాకి సగం మిగులుతుంది.

తణుకు_తాత
మావాడు అలాగే చేశాడు. మిగిలింది మా ఆవిడ మొక్కలకి వేసింది.

ఉప్పాడ_అల
రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పనిచేస్తాను, తొమ్మిదేళ్ళయింది. నీళ్ళ గురించి పైన చెప్పినవాటిలో ఒకదానికి ఒప్పుకోను. సముద్రం నీళ్ళే పనికిరావన్నట్టు ఎందుకు మాట్లాడుతున్నారు? కొన్ని కోట్ల రొయ్య పిల్లలు ఆ నీళ్ళలోనే పుడుతున్నాయి. తెచ్చిన విధానం తప్పు, నీళ్ళు తప్పు కాదు.

మేం ఒడ్డున ముంచం, లోపలికి పైపు వేసి లాగుతాం. పోటు మీదున్నప్పుడు లాగాలి, పాటు మీద లాగితే కాలువల మురుగు, చెరువులు వదిలిన నీళ్ళు అన్నీ దాంతోనే వస్తాయి. తర్వాత పెద్ద ట్యాంకులో పేరబెడతాం, ఇసుక ఫిల్టర్, ఆపైన సంచి ఫిల్టర్లు. తర్వాత క్లోరిన్ 10 నుంచి 20 పిపిఎం, అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు, పట్టించి, గాలి బాగా కొట్టి, మిగిలిన క్లోరిన్‌ని థయోసల్ఫేట్‌తో విరిచేస్తాం. కిట్‌లో రంగు అస్సలు రానప్పుడే పిల్లల్ని వదులుతాం. ఇదంతా ఇంట్లో డ్రమ్ములో కూడా చేసుకోవచ్చు. చేసే ఓపిక ఉందా అనేదే ప్రశ్న.

గాజుగది_కాకినాడ
ఉప్పాడ_అల గారూ, మీకు రోజూ ఉప్పు చూసేవాళ్ళు, కిట్లు, ల్యాబ్ ఉన్నాయి. ఈయన ఇంట్లో ఒక డ్రమ్ము, ఒక అమ్మాయి ఉన్నారు. పైగా ఉప్పాడ దగ్గర నీళ్ళు వేరు, వశిష్ఠ మూతి దగ్గర నీళ్ళు వేరు.

ఉప్పాడ_అల
అదీ నిజమే. వరద కాలంలో మాక్కూడా ఉప్పు పడిపోతుంది, అప్పుడు మేమూ తిప్పలు పడతాం. ఏప్రిల్, మే నెలల్లో అయితే నది పారకం తగ్గి 33 దాకా చూస్తాం. అప్పుడు తెచ్చుకుంటే సగం పని అయినట్టే.

యానాం_సాయంత్రం
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ వేట నిషేధం కదండీ. నీళ్ళు బాగుండే రెండు నెలలూ ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి. లోపలికి తీసుకెళ్ళి నీళ్ళు ముంచి పెట్టమంటే ఎవరు వెళ్తారు? మా మావయ్యని అడిగితే నిషేధం ముందు రోజు తెస్తాలే అన్నాడు, అలా ఒక్కసారే కుదిరింది.

ఉప్పాడ_అల
అయితే ఏప్రిల్ మొదటి రెండు వారాలు. తెచ్చి మూతపెట్టి చీకట్లో రెండు వారాలు ఉంచండి, ఉన్న నలకంతా అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు సన్నని పైపుతో లాక్కోండి.

లంకలో_కొబ్బరి
అంటే నా ఏడు టిన్నులు? 19 ఉన్నదానికి ఆ సముద్రపు ఉప్పు మిశ్రమమే కలిపి 35 చేస్తే? లెక్క వేశాను, 150 లీటర్లకి 16 పాయింట్లు పెంచాలంటే రెండున్నర కిలోలు చాలు. మొత్తం కొత్తగా కలిపితే ఐదున్నర కిలోలు. సగానికి సగం మిగులుతుంది కదా.

భీమవరం_చెరువుగట్టు
వద్దు బాబూ. ఈ నెలలో నది నీళ్ళలో ఏముందో మీకు తెలీదు. పైన పొలాల యూరియా, మందులు, మా చెరువుల నీళ్ళు అన్నీ మురుగు కాలవల్లో దిగి అక్కడికే చేరతాయి. నేను చెరువు మనిషిని కాబట్టే చెబుతున్నాను. మూడు కిలోల ఉప్పు దగ్గర మిగిల్చి ట్యాంకంతా పోగొట్టుకోకండి.

గాజుగది_కాకినాడ
ఆ నీళ్ళు కొబ్బరి చెట్లకి పోసేయండి, 19 ఉప్పు ఒక్కసారికి చెట్టుని ఏమీ చేయదు. ఇంటి గోడకి, మొక్కలకి తగలనివ్వకండి.

కొత్తనీరు
మరి కలిపేది ఏ నీళ్ళలో? మాకు కాలవ నీళ్ళు, పంచాయతీ పంపు, మినరల్ వాటర్ టిన్ను, ఈ మూడే ఉన్నాయి.

గాజుగది_కాకినాడ
కాలవ నీళ్ళు వద్దు, పైన చెరువుగట్టు గారు చెప్పిన కారణమే. పంచాయతీ పంపులో బ్లీచింగ్ ఉంటుంది, అది పోగొట్టుకున్నా నైట్రేట్, ఫాస్ఫేట్ మిగులుతాయి. అవి ఉంటే నెల తిరక్కుండా ఇసుక మీద గోధుమ రంగు పొర, తర్వాత ఆకుపచ్చ వెంట్రుకలు. మినరల్ టిన్నులే మనకి దారి, కానీ ప్లాంటుని బట్టి తేడా. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపే టిడిఎస్ మీటరు ఒకటి కొనుక్కోండి, రెండొందల్లో వస్తుంది. నేను మూడు ప్లాంట్ల నీళ్ళు చూశాను: ఒకటి 18, ఒకటి 64, ఇంకోటి 110. రుచి కోసం కొన్ని ప్లాంట్లు మామూలు నీళ్ళు కొంచెం కలుపుతాయి. తక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. దాని వెనక మిగిలిన లవణాల్ని పట్టేసే డిఐ కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టుకుంటే సున్నాకి వస్తుంది, ఓపిక ఉంటే అదీ చేయండి.

నరసాపురం_లేసు
వాననీళ్ళు?

గాజుగది_కాకినాడ
రేకు మీద నుంచి పడినవి వద్దు, జింకు దిగుతుంది.

రాజోలు_టీచరమ్మ
లోహం అంటే గుర్తొచ్చింది, ఇది అందరూ చదవండి. నేను మొదటిసారి ఉప్పు కలిపినప్పుడు పెద్ద గిన్నె లేక మా అత్తగారి ఇత్తడి బిందెలో కలిపాను. రాత్రంతా అందులోనే ఉంచాను. పొద్దున నీళ్ళు తేటగా ఉన్నాయి, బిందె లోపల మాత్రం అంచున సన్నగా ఆకుపచ్చ గీత. నేను పట్టించుకోలేదు. ట్యాంకులో పోసిన రెండు రోజులకి నత్తలన్నీ బోర్లా పడ్డాయి, చిన్న రొయ్యలు రెండూ పోయాయి, చేప మాత్రం తిరుగుతూనే ఉంది. ఉప్పునీళ్ళు ఇత్తడిలోంచి రాగిని లాగేస్తాయి, రాగి గుల్ల జీవాలకి ప్రాణాంతకం. అత్తగారి బిందెకి చింతపండు పెట్టి తోమి ఇచ్చేశాను, ఆ నత్తల విషయంలో నాకు ఇప్పటికీ బాధే. రాగి, ఇత్తడి, ఇనుము ఏదీ వద్దు. పురుగుల మందు కలిపిన పాత డ్రమ్ము అసలే వద్దు. ఆహార పదార్థాలకి వాడే కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొని, దాని మీద పెయింటుతో ఉప్పు అని రాసి పెట్టుకోండి.

యానాం_సాయంత్రం
నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ట్యాంకులో ఉప్పు గుమ్మరించి దాని మీద నీళ్ళు పోశాను. ఉప్పు గడ్డలు కట్టింది, తర్వాత అద్దం మీద, పంపు మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు. ఎంత తిప్పినా అది మళ్ళీ కరగలేదు.

గాజుగది_కాకినాడ
ఉప్పు మీద నీళ్ళు పోస్తే అక్కడ ఉప్పు మరీ చిక్కబడి, కాల్షియం సున్నంగా విడిపోతుంది. ఎప్పుడూ నీళ్ళు ముందు, ఉప్పు తర్వాత. డ్రమ్ములో ఆర్‌ఓ నీళ్ళు, అదే మినరల్ టిన్ను నీళ్ళు పోసి, చిన్న పంపు వేసి నీళ్ళు గిర్రున తిరుగుతున్నప్పుడు గ్లాసుతో కొద్దికొద్దిగా జల్లండి. లీటరుకి 36, 37 గ్రాముల దగ్గర. మొత్తం లెక్క ఒకేసారి వేయకుండా పది శాతం ఆపి, తిరిగాక మీటరు చూసి మిగతాది వేయండి. తగ్గించడం కంటే పెంచడం తేలిక. 24 గంటలు తిప్పాక చూడండి, అప్పటికి తేటగా, అడుగున గింజ లేకుండా ఉండాలి. 25 డిగ్రీల్లో సాంద్రత 1.026 దగ్గర ఉంటే 35 అన్నట్టే.

మీటరుని ముందు సరిచేసుకోండి. ఆర్‌ఓ నీళ్ళ చుక్క వేస్తే 0 చూపాలి, చూపకపోతే పైన చిన్న స్క్రూ తిప్పి సున్నా దాకా తేవాలి. 35 ఉప్పు ఉన్న ద్రావణం సీసాలు దొరుకుతాయి, దాంతో చూసుకుంటే ఇంకా నమ్మకం. చెరువు మీటర్లు వంట ఉప్పు లెక్కకి గీసినవి ఉంటాయి, వాటిలో సముద్రపు నీళ్ళకి ఒకటిన్నర పాయింటు దాకా తేడా వస్తుంది.

భీమవరం_చెరువుగట్టు
మా చెరువు మీద ఒకటిన్నర తేడా ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు నా మీటరు మీద నాకే అనుమానం వస్తోంది, రేపు చూస్తాను.

కొత్తనీరు
ఇసుక ముందా నీళ్ళు ముందా?

లంకలో_కొబ్బరి
నేనూ అదే అడగబోతున్నా.

ఉప్పాడ_అల
ఇసుక, రాళ్ళు ముందు. కడిగేది మామూలు నీళ్ళతో, చివరి తడవ మాత్రం ఆర్‌ఓతో. బకెట్లో సగం దాకా ఇసుక వేసి, పైపు అడుగు దాకా దించి, చేత్తో కలియబెడుతూ పైనుంచి పొంగనివ్వండి. పొంగే నీళ్ళు మజ్జిగ తేటలా అయ్యాక ఆపండి, గుల్ల ఇసుకకి ఆ కాస్త తెలుపు ఉంటుంది, పర్లేదు. తర్వాత ట్యాంకులో పరిచి, మధ్యలో ఒక పళ్ళెం పెట్టి, నీళ్ళు ఆ పళ్ళెం మీద మెల్లగా పడేలా పోయండి. పళ్ళెం లేకుండా పోస్తే గొయ్యి పడి మొత్తం పాలలా అయిపోతుంది.

తణుకు_తాత
మావాడు అరిటాకు పరిచాడు. నీళ్ళు అలా ఆకు మీద నుంచి జారిపోయాయి.

నరసాపురం_లేసు
రాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. కొన్ని షాపుల్లో పగడపు ముక్కలు రహస్యంగా అమ్ముతున్నారు, తీసుకోవచ్చా?

గాజుగది_కాకినాడ
తీసుకోవద్దు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, చచ్చిన ముక్క అమ్మినా కొన్నా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక బారెడు పగడపు దిబ్బ పెరగడానికి పట్టే ఏళ్ళు తలుచుకుంటే చేయి రాదు. సిరామిక్ రాళ్ళు దొరుకుతాయి, బాక్టీరియా వాటి మీద బ్రహ్మాండంగా పెరుగుతుంది. క్లౌన్ చేపలు కూడా సముద్రంలో పట్టినవి కాకుండా ఇక్కడే గుడ్లు పెట్టించి పెంచినవి అడిగి తీసుకోండి, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సిఎంఎఫ్‌ఆర్ఐ) వాళ్ళు ఎప్పుడో ఆ పద్ధతి తయారుచేశారు. అవి మేత కూడా తేలిగ్గా తింటాయి.

బీచ్ ఇసుక కూడా ఇంక తేవద్దు. తీరం ఇసుక తవ్వడం మీద ఆంక్షలున్నాయి, మీ రెండు బస్తాలు తిరిగి అక్కడే పోసి రండి.

లంకలో_కొబ్బరి
వచ్చే ఆదివారం పోసి వస్తాను. తాతగారు చెప్పిన గుల్ల మా ఊరి మేత కొట్లో ఉంది, నిమ్మకాయ జేబులో పెట్టుకుని వెళ్ళి అక్కడే పరీక్షించాను. కొట్టాయన విచిత్రంగా చూశాడు, బుడగలు వచ్చాక ఆయన కూడా ఇంకో చిటికెడు వేసి చూసుకున్నాడు.

రాజోలు_టీచరమ్మ
ఇసుక, నీళ్ళు అయ్యాక వెంటనే చేప వేయొద్దు. నీళ్ళలో అమ్మోనియాని తినే బాక్టీరియా పెరగాలి, దానికి మూడు నుంచి ఆరు వారాలు. ఆకలేస్తే గానీ అవి పెరగవు కాబట్టి మనమే కొంచెం అమ్మోనియా ఇవ్వాలి. నవసాగరం ఉంటుంది కదా, అదే అమ్మోనియం క్లోరైడ్. కళాయి పెట్టేవాళ్ళ దగ్గరిది వద్దు, అందులో ఏం కలిసి ఉంటుందో తెలీదు, ల్యాబ్ సామాన్ల కొట్లో శుద్ధమైనది అడగండి. మీ 150 లీటర్లకి ఒక గ్రాము వేస్తే 2 పిపిఎం అమ్మోనియా వస్తుంది. అంతకంటే ఎక్కువ వద్దు.

భీమవరం_చెరువుగట్టు
ఒక పచ్చి రొయ్య పడేస్తే చాలు కదా, కుళ్ళి అదే అమ్మోనియా ఇస్తుంది. మా దగ్గర రొయ్యకి కరువా.

రాజోలు_టీచరమ్మ
చాలు, కానీ ఎంత వచ్చిందో లెక్క తెలీదు, ఇల్లంతా కంపు. పిల్ల చదువుకునే గదిలో పెడుతున్నారేమో.

లంకలో_కొబ్బరి
ఆ గదిలోనే అండి. నవసాగరమే.

గాజుగది_కాకినాడ
అమ్మోనియా ముందు ఎక్కుతుంది, తర్వాత అది దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది, అదీ దిగాక నైట్రేట్ మిగులుతుంది. గ్రాము వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయిన రోజు ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్ళు మార్చి, చేప ఒక్కటి.

మన వేడి గురించి ఎవరూ అనలేదు. హీటరు అక్కర్లేదు మనకి, చల్లబరచడమే పని. 26 దగ్గర ఉంచాలి, 30 దాటితే నీళ్ళలో గాలి తగ్గుతుంది, అమ్మోనియా ఉంటే ఇంకా ఘాటెక్కుతుంది. చిన్న ఫ్యాను నీళ్ళ మీదకి పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ రోజుకి మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది. నాలుగు లీటర్లు పోతే 35 కాస్తా 36 అవుతుంది, మూడు రోజులు వదిలేస్తే 38. అద్దం మీద మార్కరుతో గీత పెట్టుకుని, రోజూ ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్ళు పోయండి. ఉప్పునీళ్ళు కాదు, ఆర్‌ఓ.

యానాం_సాయంత్రం
తుఫాను రోజుల్లో కరెంటు పోతే? బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

లంకలో_కొబ్బరి
తొమ్మిది రోజులైంది, ఎక్కడిదాకా వచ్చానో చెప్తాను. గుల్ల జల్లెడ పట్టి, పద్నాలుగు బకెట్ల నీళ్ళతో కడిగాను, అమ్మాయి పైపు పట్టుకుంది. పొంగే నీళ్ళు మజ్జిగ తేటలా అయ్యాయి, ఉప్పాడ_అల గారు అన్నట్టే. టిన్నులు 22 టిడిఎస్ ఉన్న ప్లాంటు నుంచి. నీలం డ్రమ్ము మీద అమ్మాయే ఉప్పు అని రాసి, పక్కన చేప బొమ్మ వేసింది. ఐదు కిలోలు వేసి రాత్రంతా తిప్పితే 32 దగ్గర ఆగింది, ఇంకో నాలుగొందల గ్రాములు గ్లాసుతో జల్లాను. ఇవాళ పొద్దున బావగారి మీటరు ఆర్‌ఓతో సున్నా చేసి చూశాం: 35. చెరువుగట్టు గారూ, మా బావగారిది కూడా ఒక పాయింటు ఎక్కువ చూపిస్తోంది, అంటే ఆ రోజు అంతర్వేదిలో 18 అన్నమాట.

పళ్ళెం పెట్టి నీళ్ళు పోయడానికి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు కొంచెం మబ్బుగా ఉంది, అవతలి గోడ మీద క్యాలెండరు కనిపిస్తోంది గానీ తేదీలు కనిపించట్లేదు. దసరాకి చేపలు రావని చెప్పేశాను, ఒక్క పూట అలిగింది. ఇప్పుడు రోజూ అమ్మోనియా కిట్ తనే చేస్తానంటోంది, ఒక నోటుబుక్కు పెట్టుకుంది.

గాజుగది_కాకినాడ
మబ్బు రెండు రోజుల్లో దిగుతుంది, ఫిల్టరులో దూది మారుస్తూ ఉండండి. తేదీలు కనపడ్డాక నవసాగరం వేయండి.

రాజోలు_టీచరమ్మ
ఆ నోటుబుక్కులో నీళ్ళ వేడి కూడా రాయమనండి, కిట్ రంగు పక్కనే. రాజోలు వైపు వస్తే మా పిల్లలకి చూపించడానికి తీసుకురండి.

లంకలో_కొబ్బరి
తెస్తాం అండి. ఆదివారం అంతర్వేది వెళ్ళి ఇసుక పోసేసి మీ ఊరి మీదుగానే వస్తాం.